గైడులో లేని పేజీలు

(వనపర్తిలో జరిగిన ఒక మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల మీద పెట్టుకున్న సమావేశంలో నన్ను ఇంగ్లీషు గైడుల గురించి మాట్లాడమంటే మొదట నాకే నవ్వొచ్చింది. పొద్దున్నించీ మనం ఆస్తి గురించి, కూలి రేట్ల గురించి, పోలీస్ స్టేషన్ల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడొక రిటైరైన లెక్చరర్ లేచి షేక్‌స్పియర్, హార్డీ, బజారు నోట్సు అని మొదలుపెడితే, భోజనాల తర్వాత నిద్రపుచ్చే కార్యక్రమం అనుకుంటారేమోనని భయం. పిలిచినవాళ్లతో ఆ మాటే అన్నాను. "మీరు ఆ టెస్ సంగతి చెప్పండి మేడమ్, చాలు" అన్నారు. ఆ సంగతే చెబుతాను. కానీ అక్కడికి రావాలంటే ముందు నా సంగతి కొంత చెప్పాలి.

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఊరు. గద్వాల కాలేజీలో తెలుగు మీడియంలో బీఏ చదివాను. ఆ కాలేజీ పేరు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ కాలేజీ. సంస్థానాన్ని ఏలిన ఒక ఆడమనిషి పేరు. పండితులకు సత్కారాలు జరిగి 'విద్వద్గద్వాల' అని పేరుపడ్డ ఊళ్లో, మా తరగతిలో ఆడపిల్లలం నలుగురం. డిగ్రీ కాగానే పెళ్లి. ఆ తర్వాత ప్రైవేటుగా ఎమ్మే ఇంగ్లీషు కట్టాను. ఇంగ్లీషే ఎందుకంటే, తెలుగు పండితులు ఎక్కువ, ఇంగ్లీషు చెప్పేవాళ్లు తక్కువ, ఉద్యోగం దొరుకుతుందని మా ఆయన లెక్క. సాహిత్యాభిమానం అనేది ఆ లెక్కలో లేదు.

నేను ఎమ్మే పాసైంది గైడు చదివే. ఈ మాట ఇన్నేళ్లు స్టాఫ్‌రూముల్లో చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. బంతులు బంతులుగా అచ్చొత్తిన పల్చటి కాగితం, ఒక్కో ప్రశ్న పక్కన చుక్కలు, మూడు చుక్కలుంటే 'వెరీ వెరీ ఇంపార్టెంట్'. కథా సారాంశం, పాత్ర చిత్రణ, వ్యాస ప్రశ్నలు. పుస్తకాలు నేను చూడలేదు. చూడాలంటే హైదరాబాదు వెళ్లాలి. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చవగ్గా దొరుకుతాయని వినడమే గాని, చంటిపిల్లను ఎవరి చేతిలో పెట్టి వెళ్లను? గైడు మాత్రం మా ఇంటికే వచ్చింది. మా తమ్ముడు తెచ్చిపెట్టాడు.

కాబట్టి గైడును ఈసడించే పెద్దమనుషులతో నేను గొంతు కలపలేను. 'ఈ పిల్లలు ఒరిజినల్ చదవరండీ' అని సెమినార్లలో బాధపడేవాళ్లను చూస్తే, వీళ్లింట్లో బియ్యం ఎవరు కడుగుతారో అడగాలనిపిస్తుంది. నాన్న గదిలో పుస్తకాల బీరువా ఉన్న పిల్లలు పుస్తకం చదువుతారు. మిగతావాళ్లు గైడు చదువుతారు.

ఈ మాట నా సొంతం కాదనుకోండి. 1807లో ఇంగ్లండులో ఛార్లెస్ లాంబ్ పేరుతో 'షేక్‌స్పియర్ కథలు' వచ్చాయి. మనలో చాలామంది స్కూల్లో చదివిన నాన్‌డిటెయిల్డ్ కథలకు మూలం అదే. దాని ముందుమాటలో ఒక సంగతి ఉంది. ఇవి ముఖ్యంగా ఆడపిల్లల కోసం రాసినవని, మగపిల్లలకు తండ్రి గ్రంథాలయంలోకి చిన్నప్పుడే ప్రవేశం దొరుకుతుంది గాని ఆడపిల్లలకు దొరకదని అందులో ఒప్పుకున్నారు. కష్టమైన చోట్లు అన్నదమ్ములు వివరించాలట. ఆ వివరించేటప్పుడు చెల్లెలి చెవికి తగినవేవో చూసుకుని చెప్పాలట. ఆ ఇరవై కథల్లో పద్నాలుగు రాసింది ఛార్లెస్ అక్క మేరీ. కుట్టుపని చేసి ఇల్లు గడిపిన మనిషి. మొదటి ముద్రణ మీద ఆమె పేరు లేదు, తమ్ముడి పేరే ఉంది.

అమెరికాలో 1958లో క్లిఫ్టన్ హిలెగాస్ అనే ఆయన నెబ్రాస్కాలోని తన ఇంటి కింది గదిలో పదహారు షేక్‌స్పియర్ నాటకాలకు నోట్సు అచ్చువేసి క్లిఫ్స్ నోట్స్ మొదలుపెట్టాడని, గైడుల చరిత్ర అక్కణ్ణుంచి చెబుతారు. నాకైతే మేరీ లాంబ్ దగ్గరే మొదలవుతుందనిపిస్తుంది. ఆడపిల్లల కోసం ఒక ఆడమనిషి రాసింది, ఏం చెప్పవచ్చో ఏం చెప్పరాదో అన్నదమ్ముల చేతికి అప్పజెప్పింది. నా చేతికొచ్చిన గైడు కూడా అలాంటి అన్నయ్యే. కష్టమైన చోటు వివరించాడు, చెవికి తగదనుకున్నది వదిలేశాడు.

ఇప్పుడు టెస్ సంగతి.

నాగర్‌కర్నూలులో పనిచేసేటప్పుడు ఆదివారాలు మా ఇంటికి ఐదారుగురు ఆడవాళ్లు వచ్చేవాళ్లు. దూరవిద్యలో ఎమ్మే ఇంగ్లీషు కట్టినవాళ్లు. ఒకామె ప్రైవేటు స్కూల్లో టీచరు, ఒకామె అంగన్‌వాడీ, ఇద్దరు పెళ్లయి ఇంట్లో ఉన్నవాళ్లు. అందరి చేతిలోనూ గైడే. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ వచ్చేదాకా ఈ ప్రాంతంలో చాలామందికి ఎమ్మే ఇంగ్లీషు అంటే హైదరాబాదులో హాస్టలు, లేకపోతే పోస్టులో వచ్చే మెటీరియలు.

ఆ రోజు పాఠం థామస్ హార్డీ నవల, 1891లో వచ్చిన 'టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్'. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. టెస్ పేదింటి పిల్ల. తండ్రి తాగి పడిపోతే, రాత్రివేళ తేనెపట్టుల బండి తోలుకుని సంతకు బయల్దేరుతుంది. నిద్రలో బండి గుద్దుకుని, ఇంటికి ఆధారమైన గుర్రం చచ్చిపోతుంది. ఆ తప్పు తనదేననుకుని, డబ్బున్నవాళ్లింట్లో కోళ్లు మేపే పనికి పోతుంది. ఆ ఇంటి కొడుకు ఎలెక్. ఒక రాత్రి పొగమంచులో ఆమెను అడవిలోకి తీసుకుపోతాడు. అలసి నిద్రపోతుంది. తర్వాత బిడ్డ పుడుతుంది, చనిపోతుంది. తర్వాత ప్రేమించి పెళ్లాడినవాడు తన పాత తప్పు చెప్పుకుంటే ఆమె క్షమిస్తుంది. అదే రాత్రి ఆమె తన సంగతి చెబితే అతను వదిలేసి పోతాడు. చివరికి ఉరికంబం.

గైడులో ఆ రాత్రి గురించి ఒక్క వాక్యం. టెస్ ఎలెక్‌కు లొంగిపోయిందని. దాని కింద విధి, యాదృచ్ఛికత మీద మూడు చుక్కల ప్రశ్న. అంగన్‌వాడీ ఆమె ఆ వాక్యం మీద వేలుపెట్టి అడిగింది: "మేడమ్, నిద్రపోతున్న పిల్ల ఎట్ల లొంగుతది? ఆమెకు ఇష్టముండెనా, లేకుండెనా?"

నాకు జవాబు తెలియదు. ఎందుకంటే అప్పటికి పదిహేనేళ్లుగా ఈ నవల పాఠం చెబుతున్నా, ఆ అధ్యాయం నేను చదవలేదు. 'వచ్చే వారం చెబుతాను' అన్నాను. కాలేజీ లైబ్రరీలో అడిగితే ఉందన్నారు, బీరువా తాళంచెవి ఉన్నాయన సెలవులో ఉన్నాడు. (నేను పనిచేసిన చోట్ల ఎక్కడో పేరు చెప్పను. చాలా చోట్ల అదే కథ.) మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి బస్సు డ్రైవరుకిచ్చి పంపింది.

చదివితే ఏముంది? ఆ రాత్రి హార్డీ రాయలేదు. ఎలెక్ తిరిగొచ్చి, చీకట్లో నిద్రపోతున్న పిల్ల పక్కన వంగేదాకా రాశాడు. ఆ తర్వాత ఖాళీ. కానీ ఖాళీకి ముందు చాలా రాశాడు. 'మీ నాన్నకు ఇవాళ కొత్త గుర్రం ముట్టింది, పిల్లలకు బొమ్మలు ముట్టాయి' అని ఎలెక్ ఆ రాత్రే ఆమెకు చెబుతాడు. అంటే ముందు అప్పు మెడకు తగిలించాడు, తర్వాత అడవిలోకి తీసుకుపోయాడు. ఖాళీకి తర్వాత కూడా రాశాడు. ఏడాది గడిచాక కోతల్లో కూలి ఆడవాళ్లు మాట్లాడుకుంటారు, ఆ అడవిలో ఒక రాత్రి వెక్కి వెక్కి ఏడుపు విన్నవాళ్లున్నారని. 1891 తొలి ముద్రణలో ఎలెక్ ఆమె చేత ఏదో మందు తాగించినట్టు కూడా ఉండేదట, తర్వాతి ముద్రణల్లో హార్డీయే తీసేశాడు. అంతకు ముందు వారపత్రికలో వచ్చినప్పుడైతే ఆ ఘట్టమే మార్చి, దొంగ పెళ్లి జరిగినట్టు పెట్టాల్సి వచ్చింది. వందేళ్లకు పైగా పండితులు దీని మీద కొట్లాడుతూనే ఉన్నారు, అది బలాత్కారమా, మభ్యపెట్టి లోబరచుకోవడమా అని. రచయిత తెరిచి ఉంచిన ఈ తలుపును మా గైడు 'లొంగిపోయింది' అన్న ఒక్క మాటతో మూసేసింది.

మర్నాడు ఆదివారం ఆ అధ్యాయం తెలుగులో చెప్పాను. ఎవరూ గైడు తెరవలేదు. మాట మథుర మీదికి పోయింది. మహారాష్ట్రలో 1972లో పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన ఆదివాసీ పిల్ల. ఒంటిమీద గాయాలు లేవు కాబట్టి ఒప్పుకున్నట్టేనని 1978లో సుప్రీంకోర్టు నిందితుల్ని వదిలేసింది. నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పు మీద 1979లో బహిరంగ లేఖ రాశారు, దేశమంతా స్త్రీలు కదిలారు, 1983లో చట్టం మారింది. రమీజాబీ మాట కూడా వచ్చింది. 1978లో హైదరాబాదులో జరిగిన ఆ ఘోరం మీద ముక్తదర్ కమిషన్ పోలీసులది తప్పని తేల్చినా, కేసును మన గద్వాల పొరుగునే ఉన్న రాయచూరుకు మారిస్తే, 1981లో అక్కడి కోర్టు పోలీసుల్ని నిర్దోషులంది. ఆమె నడవడి ఎలాంటిదన్నదే అక్కడ పెద్ద ప్రశ్న అయింది. ప్రతిఘటించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చట్టంలో రాయడానికి 2013 దాకా పట్టింది.

ఇదంతా ఇంగ్లీషు పాఠమా అని మీరు అడగొచ్చు. పరీక్షలో వచ్చే ప్రశ్న వినండి. 'టెస్ పవిత్రురాలా? చర్చించండి.' హార్డీ తన పుస్తకం శీర్షిక పేజీ మీదే ఆమెను పవిత్రమైన స్త్రీ అని రాసుకున్నాడు, అప్పటి లోకం మొహం మీద కొట్టినట్టు. దాన్ని మనవాళ్లు పదిహేను మార్కుల ప్రశ్న చేశారు. పరీక్ష హాల్లో ఆడపిల్లలు వరసగా కూర్చుని, పద్దెనిమిదేళ్లు నిండని ఒక పనిపిల్ల పవిత్రురాలా కాదా అని అనుకూలంగా ఇన్ని పాయింట్లు, ప్రతికూలంగా ఇన్ని పాయింట్లు రాస్తారు. రాయచూరు కోర్టులో లాయర్లు చేసిన పని ఇది. దాన్ని మన పిల్లల చేత సాధన చేయిస్తున్నాం. నేనూ చేయించాను.

అంతకన్నా చెడ్డ పని ఒకటి చేశాను. చాలా ఏళ్ల క్రితం జవాబు పత్రాలు దిద్దే క్యాంపులో ఉన్నాను. రోజుకు ఇన్ని పేపర్లని లెక్క, చేతిలో కీ. విధి గురించిన ప్రశ్నకు కీలో గుర్రం చావు, తివాచీ కింద పడిపోయిన ఉత్తరం, ఇలా పాయింట్లు ఉన్నాయి. ఒక పేపర్లో వచ్చీరాని ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. అతను యజమాని, ఈమె పనిమనిషి, ఇందులో విధి ఎక్కడుంది అని. తండ్రి తాగకపోతే గుర్రం చచ్చేది కాదని. ఆ అక్షరాలు నాకింకా గుర్తు. ఎర్రసిరాతో 'నాట్ రెలెవెంట్' అని రాసి పదిహేనుకు మూడు వేశాను. రాసింది ఆడపిల్లో మగపిల్లవాడో తెలియదు, నంబరే ఉంటుంది. ఆ మనిషి గైడు చదివి ఉంటే పాసయ్యేది. పుస్తకం చదివింది, అందుకే నా చేతిలో పోయింది.

ఆదివారం పాఠాలకు తిరిగొస్తాను. నవలలో పద్నాలుగో అధ్యాయం ఉంది. గైడులో దానికి చుక్కల్లేవు, రెండు లైన్లలో ముగించారు. ఆగస్టు కోతలు. టెస్ మిగతా ఆడకూలీలతో కలిసి గోధుమ కట్టలు కడుతుంటుంది. మధ్యాహ్నం సద్దివేళకు చెల్లెలు చంటిపిల్లను చేనుకు తెస్తుంది. అందరూ చూస్తుండగానే టెస్ జాకెట్టు విప్పి పాలిస్తుంది. మగవాళ్లు మర్యాదగా మొహం పక్కకు తిప్పుకుంటారు. నేను ఈ భాగం తెలుగులో చెబుతుంటే, టీచరమ్మాయి వాళ్లమ్మ కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చి గుమ్మంలో కూర్చుని వింటోంది. మధ్యలో అందుకుంది: "ఇది ఏ ఊరి ముచ్చట బిడ్డా? చేన్ల పిల్లకు పాలియ్యని దాన్ని నేను చూడలే. ఆ పిల్లకు పేరేం పెట్టింది?"

పేరు సారో. దుఃఖం అని అర్థం. బాప్టిజం కాకుండానే బిడ్డ పోతుందేమోనన్న భయంతో, బిడ్డ చచ్చిపోయే రాత్రి టెస్ తనే నీళ్లు చల్లి ఆ పేరు పెడుతుంది. ఆ ముసలమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

నేను ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను గాని ఈ నవల కూలివాళ్ల నవల అని నాకు అప్పుడే తట్టింది. పాలమూరు కూలీల పిల్లలకు చెబుతున్నాను, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు దేశం మీద పడి పోయినవాళ్ల పిల్లలకు. నవలలో ఫ్లింట్‌కోంబ్ యాష్ అనే చోట గడ్డకట్టే చలిలో ఆడవాళ్లు దుంపలు తవ్వుతారు, ఆడకూలి చవక కాబట్టి రైతుకు లాభమని హార్డీ స్పష్టంగా రాశాడు. ఏటా ఏప్రిల్లో ఒక తారీఖున కూలి కుటుంబాలు బండ్ల మీద సామాను వేసుకుని ఊళ్లు మారడం రాశాడు. తండ్రి చావగానే అతని బతుకుదాకే రాసిచ్చిన ఇల్లు పోతుంది. తల్లి, పిల్లలు మంచాలతో సహా వీధిలో పడతారు. ఎలెక్ మళ్లీ వస్తాడు, ఇల్లిస్తానంటాడు. టెస్ అతని దగ్గరికి తిరిగిపోయింది అందుకు. పొద్దున్న ఇక్కడ ఆస్తిహక్కు మీద మాట్లాడిన చెల్లెలు విధవరాళ్ల ఇళ్ల గురించి చెప్పినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. ఇందులో ఏదీ మూడు చుక్కల ప్రశ్న కాదు. మన పిల్లలకు అనుభవంతో అర్థమయ్యే పేజీలన్నీ గైడు ఏరి పక్కన పెట్టింది, అర్థంకాని 'కాస్మిక్ ఐరనీ' మాత్రం బట్టీ పట్టించింది.

అంగన్‌వాడీ ఆమె ఏమైందని అడుగుతారు. ఆ ఏడు పరీక్షలో తనకు తోచింది రాసింది. ఆ పేపరు పోయింది. నా మీద కోపం రాలేదామెకు, నాకే మొహం చెల్లలేదు. మరుసటి ఏడు గైడు తెరిచి విధి గురించి రాసింది, పాసైంది. ఇప్పుడు ఇంగ్లీషు టీచరు. అందుకే నేను ఎవరికీ గైడు పారెయ్యమని చెప్పను. ఇంట్లో పోట్లాడి ఫీజు కట్టించుకున్న పిల్లకు ఒక పేపరు పోవడమంటే చదువే ఆగిపోవచ్చు.

ఇప్పుడు కాలం మారింది, ఫోనులో అన్నీ ఉన్నాయంటారు. నిజమే. స్పార్క్‌నోట్స్ 1999 నుంచీ ఉంది. టెస్ నవల కూడా ఉంది, ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పైసా ఖర్చు లేకుండా మొత్తం దొరుకుతుంది. ఆబిడ్స్ దాకా వెళ్లనక్కర్లేదు, బీరువా తాళంచెవి అక్కర్లేదు. అయినా పిల్లలు సారాంశమే చదువుతున్నారు. ఇప్పుడైతే సారాంశం కూడా చదవనక్కర్లేదు, అడిగితే యంత్రమే వ్యాసం రాసిస్తుంది. నేను వాళ్లను తప్పుపట్టను. ప్రశ్నపత్రం అడిగేది గైడు ప్రశ్నలే అయితే పుస్తకం ఎందుకు చదవాలి? పైగా ఆ ఫోను రాత్రి ఎనిమిది తర్వాత అన్నయ్య చేతిలో ఉంటుంది.

మన తెలుగులోనే వేరే దారి ఒకటి ఉండేది. మాలతీ చందూర్ గారు స్వాతి మాసపత్రికలో 'పాత కెరటాలు' అని ఏళ్ల తరబడి విదేశీ నవలల్ని పరిచయం చేశారు. అవీ సారాంశాలే. కానీ చుక్కల్లేవు, మార్కుల్లేవు. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే చదివిన గృహిణి, పాత్రల గురించి పక్కింటామెతో మాట్లాడేది. మా అత్తగారు కథలన్నీ అక్కడే తెలుసుకున్నారు. నేను ఎమ్మేకు ఏదైనా నవల పేరు చెబితే, ఆమెకు నాకన్నా ఎక్కువ తెలిసి ఉండేది. కాస్త సిగ్గుపడాల్సిన విషయమే.

ఆ ధోరణిలో మేమొక గైడు రాస్తున్నాం. వనపర్తిలో ఇద్దరు, నాగర్‌కర్నూలులో నలుగురు, గద్వాలలో ఒక్కతి. అధ్యాయం కథ తెలుగులో, ఎక్కడ ఏ పేజీ అసలు పుస్తకంలో చదివి తీరాలో గుర్తు, కష్టమైన మాటలకు అర్థాలు, చివర ప్రశ్నలు. ప్రశ్నలకు జవాబులు రాయలేదు. దీనివల్ల పరీక్షలో మార్కులు వస్తాయని హామీ ఇవ్వలేను. పని మెల్లగా నడుస్తోంది. ఏడు భాగాల నవలలో మూడో భాగం దాకా వచ్చాం. ఐదో భాగానికి హార్డీ పెట్టిన పేరుకు తెలుగు ఇంకా కుదరలేదు. తప్పు ఎవరిదైనా మూల్యం ఆడదానిదే అని భావం. రెండు మాటల్లో ఎట్లా చెప్పాలో మీకు తడితే చెప్పండి.

ఇంకొకటి. యూనివర్సిటీల పాఠ్యప్రణాళిక కమిటీలకు ఒక ఉత్తరం రాశాం. స్త్రీ పాత్ర పవిత్రత మీద ప్రశ్నలు వేయడం ఆపాలని, కీలో లేని జవాబుకు దిద్దేవాళ్లు కారణం రాయకుండా మార్కులు కొయ్యకూడదని, పుస్తకంలోంచి ఒక పేజీ ఇచ్చి దాని మీదే అడిగే ప్రశ్న పేపరుకు ఒకటైనా ఉండాలని. మొదటి సంతకం నాదే. ఆ పదిహేనుకు మూడు మార్కుల సంగతి కూడా అందులో రాశాను. కాగితాలు ఆ కిటికీ పక్కన బల్ల మీదున్నాయి. సంతకం తెలుగులో చేయొచ్చు, వేలిముద్రయినా సరే.